పాటలో ఉన్న నేల పటంలో లేదు

మీ ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే ఒక తెల్లకాగితమూ కాసిని రంగు పెన్సిళ్లూ ఇచ్చి, "పల్లెటూరి దృశ్యం" గీయమని అడిగి చూడండి. ఏం గీస్తారో నేను ఇక్కడినుంచే చెప్పగలను. త్రికోణాల్లాంటి రెండు కొండలు, వాటి సందున సగం సూర్యుడు, ఆ సందులోంచే వంకర తిరుగుతూ దిగివచ్చే ఏరు, ఏటి ఒడ్డున ఒక ఇల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగు గీతల పక్షులు. శ్రీకాకుళంలో అడిగినా అదే బొమ్మ, ఆదిలాబాదులో అడిగినా అదే బొమ్మ. నేనుండే ముత్తంగి పరిసరాల్లో అడిగినా అదే బొమ్మ.

ముత్తంగిలో త్రికోణపు కొండలు లేవు. కొబ్బరి ఈ మెట్టనేలల చెట్టు కాదు. ఇక్కడి ఆకాశానికి ఎదురు నిలిచేది తాటిచెట్టు, వాగు పక్కన ఒదిగేది ఈతచెట్టు. కిటికీలోంచి చూస్తే పిల్లవాడికి కనిపించేది హైదరాబాదు నుంచి సంగారెడ్డి వెళ్లే జాతీయ రహదారి, దాన్ని దాటుతూ పోయే ఔటర్ రింగ్ రోడ్డు, ఫ్యాక్టరీ గోడలు, ఆ గోడల మధ్య ఇంకా అమ్ముడుపోని ఒకటి రెండు చెలకలు. అయినా కాగితం మీదికి వచ్చేసరికి వాడి చేయి వాడి కన్ను మాట వినదు. ఎవరో ఎక్కడో నేర్పిన బొమ్మనే గీస్తుంది.

ఇది పిల్లల తప్పు కాదు, డ్రాయింగు మాష్టర్ల తప్పు కూడా కాదనుకుంటాను. తన నేలను బొమ్మలో ఒక్కసారైనా చూసినవాడికే ఆ నేల బొమ్మకు తగినదన్న సంగతి తెలుస్తుంది. మనవాళ్లు మన నేలను మనకు అలా చూపించలేదు. తెలంగాణ చిత్రకళ పల్లె మనుషులను చాలా గొప్పగా చిత్రించింది, పల్లె నేలను మాత్రం వదిలేసింది. ఈ లోటు ఎంత పెద్దదో నాకు బోధపరచినది ఒక పోలిష్ చిత్రం.

చిత్రకారుడి పేరు యూజెఫ్ హెవ్మోన్‌స్కీ. 1849లో పుట్టి 1914లో పోయాడు. ఆ తేదీల మధ్య మొత్తం కాలంలో ప్రపంచపటం మీద పోలండు అనే దేశం లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ముగ్గురూ కలిసి ఆ దేశాన్ని పంచుకోవడం 1795 నాటికి పూర్తయింది. అది మళ్లీ దేశంగా నిలబడింది 1918లో. అంటే ఈయన లేని దేశంలో పుట్టి, లేని దేశంలోనే కన్నుమూశాడు. అలాంటి కాలంలో ఒక పోలిష్ చిత్రకారుడు ఏం గీయాలి? పాత రాజులను గీయవచ్చు, యుద్ధాలను గీయవచ్చు. అలా గీసి మహాప్రసిద్ధులైనవారు ఉన్నారు. ఈయన దున్నిన పొలాన్ని గీశాడు.

1900లో వేసిన "కొంగలు" అన్న చిత్రం వార్సాలోని జాతీయ మ్యూజియంలో ఉంది. సుమారు అయిదడుగుల ఎత్తు, ఆరున్నర అడుగుల వెడల్పు. ఆ చిత్రంలో జరిగేదేమీ లేదు. దున్నడం ఆపి ఒక పెద్దాయన నేల మీద కూర్చుని అన్నం తింటున్నాడు. పక్కన ఒక పిల్లవాడు నిలబడ్డాడు. ఇద్దరివీ చెప్పుల్లేని కాళ్లు. వెనకాల ఎడ్లు, ఇంకా వెనకాల గడ్డికప్పు ఇళ్లు. చలికాలమంతా ఆఫ్రికాలో గడిపి తిరిగివస్తున్న కొంగలు పైన బారుగా పోతున్నాయి. ముద్ద మధ్యలో ఆపి పెద్దాయన తల పైకెత్తాడు, పిల్లవాడూ ఎత్తాడు. అంతే.

మన పత్రికల్లో ఆకాశం వైపు చూసే రైతు బొమ్మను ఎన్నిసార్లు చూసి ఉంటాం! నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కింద నెర్రెలిచ్చిన నేల, పైన మబ్బు లేని మొగులు. అందులో రైతు ఎప్పుడూ అర్జీదారే. ఆకాశాన్ని ఏదో అడుగుతూనే ఉంటాడు. హెవ్మోన్‌స్కీ రైతు ఏమీ అడగడం లేదు. తనకు దమ్మిడీ ఆదాయం లేని కొంగలబారును చూడటానికి తల ఎత్తాడు, ఎందుకంటే అది చూడదగినది. అందాన్ని చూసే హక్కు, తీరిక, మనసు ఆ మట్టికాళ్ల మనిషికి ఉన్నాయని చెప్పడమే ఆ చిత్రం చేసిన పని. రష్యా ఏలుబడిలోని పోలిష్ పల్లెల్లో రైతులకు వెట్టి నుంచి విముక్తి 1864లో వచ్చింది. పెద్దాయన పుట్టేనాటికి అతని మధ్యాహ్నం అతనిది కాదు. ఈ సంగతి తెలిశాక ఆ ఆగిన ముద్ద నాకు మరీ విలువైనదిగా కనబడింది.

ఈ మాట ఒప్పుకోవడం ఆనాటి వార్సా పెద్దలకు తేలిక కాలేదు. 1875లో ఇదే చిత్రకారుడు పచ్చికలో వెల్లకిలా పడుకుని, గాలిలో తేలే సాలెపోగును వేళ్ల మధ్య పట్టుకున్న ఒక పల్లెపిల్లను గీశాడు. శరదృతువు మొదట్లో వచ్చే ఆ వెచ్చని రోజులను పోలిష్ వాళ్లు "ముసలమ్మల వేసవి" అంటారు; ఆ మాటే చిత్రానికి పేరు. ఆ పిల్ల పాదాలకు మట్టి ఉంది. విమర్శకులకు ఆ పాదాలు రుచించలేదు. ఆయన పారిస్ వెళ్లిపోయాడు. అక్కడ ఆయన గీసిన పరుగెత్తే గుర్రాలకు గిరాకీ దొరికింది. వ్యాపారులు కొన్నారు, అమెరికా ధనికులు కొన్నారు, ఆయన మళ్లీ మళ్లీ గుర్రాలనే గీశాడు. 1887లో తిరిగివచ్చి, రెండేళ్లకు వార్సాకు దగ్గరలోని కుక్లూఫ్కా అనే పల్లెలో ఇల్లు కొనుక్కుని, చివరిదాకా అక్కడే ఉన్నాడు. మంచుచేలో ఒదిగి నడిచే కౌజుపిట్టలు, దుక్కి, కొంగలు - ఇవన్నీ ఆ పల్లెలో ఉండగా వచ్చినవే. గిరాకీ ఉన్న బొమ్మను వదిలి, తన కాళ్ల కింద ఉన్న బొమ్మ దగ్గరికి వచ్చాడు.

ఇప్పుడు మన సంగతి.

ఉమ్మడి మెదక్ జిల్లాకు చిత్రకారుల కరువేమీ లేదు. సిద్దిపేట కాపు రాజయ్య (1925-2012) ఒక్కరు చాలు. బోనాలు, బతుకమ్మలు, పల్లెపనులు, కులవృత్తులు - నకాశీ సంప్రదాయపు గీతనూ రంగునూ ఆధునిక చిత్రంలోకి తెచ్చి తెలంగాణ జనానికి తమ రూపం తమకు చూపించారు. అదే జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ పల్లె స్త్రీపురుషులను, మేకలను, వాళ్ల దేహాల మొరటు నిజాన్ని రాగిరేకుల మీద చెక్కి అచ్చువేశారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన తోట వైకుంఠం నిలువెత్తు బొట్టు పెట్టిన పల్లె స్త్రీని దేశమంతా గుర్తుపట్టేలా చేశారు. శాంతినికేతన్‌లో చదువుకున్న కొండపల్లి శేషగిరిరావు (1924-2012) దక్కను బండరాళ్లలోని అందాన్ని పట్టుకున్నారు. వీరిని తక్కువ చేయడానికి నాకు నోరు రాదు.

కానీ ఈ చిత్రాలను వరసగా తలచుకోండి. మనుషులున్నారు, పండుగలున్నాయి, నగలున్నాయి, మేకలున్నాయి, రాళ్లున్నాయి. దున్నిన పొలం ఏది? బతుకమ్మ ఉంది, తంగేడు పూసిన గుట్ట, గునుగు మొలిచిన బీడు ఏవి? సద్దిమూట ఉన్న స్త్రీ ఉంది. ఆ మూట విప్పే గెట్టు ఏది? చాలా చిత్రాల్లో మనిషి వెనక ఉన్నది చదునైన రంగు, లేదా ఒక తలుపు, ఒక చిలక. పల్లె మనిషిని పల్లెలోంచి జాగ్రత్తగా కత్తిరించి తెచ్చి నగరపు గోడకు తగిలించినట్టు ఉంటుంది. కొనేవారికి అదే సౌకర్యం. బొట్టు, చీర, నవ్వు డ్రాయింగు రూములోకి వస్తాయి. మట్టి రాదు.

దీనికి ఒక జవాబు ఉంది, అది నాకూ తెలుసు. భూదృశ్యం అనేది యూరపు వాళ్ల పద్ధతి, మనది కాదు. చేర్యాల పటంలో నేపథ్యమంతా ఎర్రరంగే, అక్కడ కథ ముఖ్యం గానీ చోటు కాదు. రాజయ్యగారు ఆ వారసత్వాన్ని నిలబెట్టారు. నిజమే. అయితే నూనెరంగులూ, కాన్వాసూ, ఎగ్జిబిషనూ, గ్యాలరీ కూడా అక్కడినుంచి వచ్చినవే. వాటిని తీసుకున్నవాళ్లం నేలను చూడటం మాత్రం పరాయిది అనడం ఎలా కుదురుతుంది? రాజమండ్రిలో దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో వెళ్లిపోయాడు. ఆ కొద్దికాలంలోనే గోదావరి తీరాన్ని రంగుల్లోకి దింపాడు. నదికీ సముద్రానికీ మనవాళ్లు కుంచె ఎత్తారు. నీళ్లు లేని మెట్టకు ఎత్తలేదు. అందం అంటే పచ్చదనమనీ, పచ్చదనం అంటే కాలువ అనీ మన కళ్లకు అలవాటైపోయింది.

నేల గురించి మనకు మాటలు లేవా అంటే బోలెడున్నాయి. తెలంగాణ పాటలో చెలక ఉంది, రేగడి ఉంది, చెరువుకట్ట ఉంది, మోదుగుపూల ఎరుపు ఉంది. సినిమా కూడా మెదక్ పల్లెకు వచ్చింది: 1980లో వచ్చిన "మాభూమి"ని ఈ జిల్లా మంగళపర్తిలోనే తీశారు, ఇదే జిల్లా ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి. నర్సింగరావు 1987లో "మా ఊరు", 1988లో "దాసి" తీశారు. 2022లో కన్నుమూసిన గుడిమల్ల భరత్‌భూషణ్ కెమెరా పల్లె గడపలన్నీ తిరిగింది. పాట పట్టుకున్నది, కెమెరా పట్టుకున్నది, కుంచె పట్టుకోలేదు. నా బాధ అదే.

కుంచె పట్టుకోకపోతే వచ్చిన నష్టమేమిటి అని మీరు అడగవచ్చు. ముత్తంగినే తీసుకుందాం.

ఈ పరిసరాల నేలకు ఇప్పటికి మూడు చిత్తరువులు ఉన్నాయి. మొదటిది శాస్త్రవేత్తలు గీసినది. 1972లో మెట్టపంటల పరిశోధన కోసం ఇక్రిశాట్ సంస్థను పటాన్‌చెరు పక్కన పెట్టారు, సుమారు 1,400 హెక్టార్లలో. ఈ చోటును ఎంచుకోవడానికి ఒక కారణం, ఎర్రనేల నల్లనేల రెండూ పక్కపక్కనే ఉండటం. ఆ ఎర్రనేలకు శాస్త్రగ్రంథాల్లో "పటాన్‌చెరు శ్రేణి" అని పేరు. నల్లరేగడికి "కాశిరెడ్డిపల్లి శ్రేణి" అని పేరు. ఇక్కడి ఒక చిన్న పల్లె పేరు ప్రపంచంలోని మృత్తికాశాస్త్రజ్ఞుల నోళ్లలో తిరుగుతోంది. తడిస్తే ఎంత ఉబ్బుతుందో, ఎండితే ఎంత లోతున నెర్రెలిస్తుందో, ఎంత నీటిని కడుపులో దాచుకుంటుందో, అంతా అంకెల్లో ఉంది. ఎర్రచెలకలో తొలకరికే విత్తనం పడుతుంది. రేగడిని మాత్రం వానాకాలమంతా బీడుగా ఉంచి, వానలు వెనకబట్టాక లోపలి తేమ మీదే జొన్నో శనగో పండిస్తారు. రైతుకు తెలిసిన ఈ లెక్కను వాళ్లు కొలిచి రాశారు.

రెండవ చిత్తరువు కోర్టు కాగితాల్లో ఉంది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులోకి, అక్కడినుంచి మంజీరలోకి పోవడం మీద 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. అది హైకోర్టుకు, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు చేరి దశాబ్దాల పాటు నడిచింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ మందు ఉందని ప్రకటించారు. జబ్బుమనిషి రక్తంలో ఉండే మందుకన్నా ఎక్కువ మోతాదు అది. పల్లెపేర్లు వరసగా ఆ కాగితాల్లో ఉన్నాయి, బావులు ఉన్నాయి, ఎకరాలు ఉన్నాయి.

మూడవ చిత్తరువు రియల్ ఎస్టేటు వారి లేఅవుటు. నలుచదరపు గళ్లు, గజాల లెక్క, తూర్పు ముఖం, కార్నర్ బిట్టు. ఎర్రనేలయినా నల్లనేలయినా అక్కడ ఒకటే తెలుపు.

ఈ మూడూ అబద్ధాలు కావు. ఈ మూడింటిలోనూ నేల ఉంది. ఒకదానిలో నమూనాగా, ఒకదానిలో బాధితురాలిగా, ఒకదానిలో సరుకుగా. ఒక్కదానిలోనూ ఆ నేల మీద కూర్చుని సద్ది తింటూ తల ఎత్తిన మనిషి లేడు. ఎర్రచెలక ఎక్కడ ఆగి రేగడి ఎక్కడ మొదలవుతుందో ఆ గీతను సాయంత్రపు ఎండలో చూసిన కన్ను లేదు. అసలు అలాంటి గీత ఈ దేశంలో ఎన్ని ఊళ్లకు దొరుకుతుంది! రెండు రంగుల నేల, రెండు రకాల వ్యవసాయం, ఏడాదికి రెండు వేర్వేరు రుతువులు - చిత్రకారుడికి ఇంతకన్నా ఏం కావాలి? శాస్త్రవేత్త దాన్ని వెదుక్కుంటూ ఖండాలు దాటి వచ్చాడు. బొమ్మలు వేసేవాడు బస్సులో గంట దూరం రాలేదు.

చిత్రం ఉన్నంత మాత్రాన ఫ్యాక్టరీ ఆగేదా, రోడ్డు పక్కకు జరిగేదా? జరిగేది కాదు. హెవ్మోన్‌స్కీ కొంగలు పోలండును విడిపించలేదు. కానీ పోయినదేమిటో చెప్పుకోవడానికి వాళ్లకు ఒక రూపం ఉండింది. పటంలో దేశం లేని రోజుల్లో పటం కట్టిన నేల ఉండింది. బడిపిల్లవాడు దాన్ని చూసి, ఇది మనది అనుకోగలిగాడు. మనకు పరిస్థితి తిరగబడింది. ముత్తంగి పేరు పటంలో ఉంది, ఔటర్ మీద పెద్ద అక్షరాల బోర్డు మీద ఉంది. ఆ పేరు వింటే కళ్లముందు నిలిచే రూపం మాత్రం లేదు. పోయినదానికి ఎకరాకింత అని నష్టపరిహారం లెక్కకట్టగలం గానీ, పోయినది ఎలా ఉండేదో పిల్లలకు చూపించలేం. అందుకే వాళ్లు రెండు కొండలూ కొబ్బరిచెట్టూ గీస్తారు.

పోయిన పల్లెను తలచుకుని ఇప్పుడు తీరిగ్గా అందమైన బొమ్మలు వేయమని నేను అడగటం లేదు. అది మరో రకం కొబ్బరిచెట్టు. ఎడ్లబండి, పూరిగుడిసె, నిండు చెరువు అని లేని కాలాన్ని గీసుకుని గోడకు పెట్టుకోవడం హోటళ్లవాళ్లు ఇప్పటికే బాగా చేస్తున్నారు. హెవ్మోన్‌స్కీ తన తాతల కాలపు పొలాన్ని గీయలేదు, తన కళ్లముందున్న పొలాన్ని గీశాడు. మనం నేర్చుకోదగినది అదే.

ఇవాళ ముత్తంగిలో కళ్లముందున్నది ఏమిటి? నాగలి వెంట తిరిగిన తెల్లకొంగలే ఇక్కడ పొక్లెయిన్ వెంట తిరుగుతాయి. బకెట్టు మట్టిని పెళ్లగించిన ప్రతిసారీ అవి దగ్గరికి వచ్చి పురుగులు ఏరుకుంటాయి. వాటికి దుక్కి అయినా పునాది అయినా ఒకటే. హద్దురాళ్లు పాతిన ప్లాట్ల మధ్య బర్రెలు మేస్తాయి. ఔటర్ స్తంభాల నీడలో ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చిన కూలీలు మధ్యాహ్నం టిఫిను డబ్బాలు విప్పుతారు. షిఫ్టు బస్సు కోసం నిలబడ్డ మనిషి పైకి చూస్తాడు. ఫ్లైఓవర్ అంచు మీదుగా కొంగలబారు పోతుంది. ముద్ద మధ్యలో చేయి ఆగుతుంది.

ఆ చిత్రం ఇక్కడ సిద్ధంగా ఉంది. వేసేవాళ్లే లేరు. మాసాబ్‌ట్యాంకులో లలితకళల కళాశాల ఉంది. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీవారి సరోజినీ నాయుడు స్కూలు ఉంది. కందిలో ఐఐటీ ఉంది, అక్కడ డిజైను కూడా చెబుతారు. ముత్తంగి కూడలికి ఏ ఒక్కటీ అందనంత దూరం కాదు. రంగులు నేర్చుకునే పిల్లలను ఏడాదికి నాలుగు రోజులు, తొలకరిలో ఒకసారి, రేగడి విత్తేటప్పుడు ఒకసారి, మోదుగు పూసినప్పుడు ఒకసారి, నడివేసవిలో ఒకసారి, ఈ దారిన దింపితే ఏం పోతుంది? మన బళ్ల డ్రాయింగు పీరియడులో పిల్లలను తరగతిగది బయటికి తీసుకెళ్లి, "ఎదురుగా ఉన్నదే గీయండి, కరెంటు స్తంభం కూడా వదలొద్దు" అంటే ఏం పోతుంది?

మొదట్లో ఆ బొమ్మలు వికారంగానే ఉంటాయి. గోడ, తీగ, పొగ, సగం తవ్విన చెలక. పాదాలకు మట్టి ఉందని వార్సా విమర్శకుడు మొహం చిట్లించినట్టే మనమూ చిట్లిస్తాం. అయినా ఆ మట్టి ఏ ఊరిదో, ఎరుపో నలుపో, బొమ్మను చూడగానే చెప్పగలిగితే చాలు. మిగిలిన ఆ ఒకటి రెండు చెలకలు కూడా గజాల్లోకి మారడానికి ఎంతో కాలం పట్టదు. మీ మీ ఊళ్ల నేలను ఎవరైనా గీసి ఉంటే, ఆ బొమ్మ ఏ పంచాయతీ గోడ మీద ఉన్నా ఏ పాత నోటుపుస్తకంలో ఉన్నా నాకు చెప్పండి. వెళ్లి చూసి వస్తాను.